ఎడమ చేతి ఉరుము

మా ఆయనకు పియానో పిచ్చి. ఊరికే అనడం లేదు. పెళ్లయిన కొత్తలో సినిమాకని బయల్దేరదీసి, యూనివర్సిటీ క్యాంపస్‌లో వాళ్ల ప్రొఫెసర్ గారి క్వార్టర్‌కు తీసుకెళ్లి గ్రామఫోన్ ముందు కూర్చోబెట్టిన మనిషి ఆయన. మాటల్లేవు, పాడేవాళ్లు లేరు, ఒక్క పియానో. అరగంట పైనే సాగింది. నేను కొత్త చీర కట్టుకుని, తలనిండా మల్లెలు పెట్టుకుని, బుద్ధిగా కూర్చున్నాను. అయ్యాక "ఎలా ఉంది సువార్తా?" అని ఆశగా అడిగారు. "పాట ఎప్పుడు మొదలవుతుందండీ?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, నాకేం సిగ్గు లేదు. సీతాఫల్‌మండి బడిలో రిటైరయ్యేదాకా పిల్లలకు పద్యాలు చెప్పినదాన్ని నేను. మాటల్లేనిది పాటెలా అవుతుంది?

ఆయన పేరు పౌలు. మాది నర్సాపురం వైపు. చిన్నప్పుడు అక్కడి మిషన్ బంగళాలో ఒక దొరసాని ఆయనకు కీర్తనలు వాయించడానికి పియానో నేర్పింది. ఊరుకోకుండా, గీతల మీద చుక్కలు పెట్టి రాసే ఆ సంగీతం చదవడం కూడా నేర్పింది. కొంప ముంచింది అదే. చదువుకోడానికి హైదరాబాదొచ్చి, ఇక్కడి యూనివర్సిటీలోనే భూకంపాల శాస్త్రం చెప్పే మాస్టారై, తార్నాకలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాక కూడా ఆ పిచ్చి వదల్లేదు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి కోడికూరతో అన్నం తిన్నాక లోకంలో అందరూ ఓ కునుకు తీస్తారు. మా ఇంట్లో మాత్రం సొనాటా. అంటే పియానో ఒక్కదాని కోసమే రాసిన పెద్ద రచన, మూడో నాలుగో భాగాలుంటాయి. "వినదగ్గవి లోకంలో ఎన్నో ఉన్నాయి సువార్తా, మనకున్న ఆదివారాలే తక్కువ" అనేవారు. నేను చిక్కుళ్లకు ఈనెలు తీస్తూ వినేదాన్ని. ఒక వారం మొజార్ట్. "తల్లి పోయిన ఏడాది రాశాడు, చూడు, ఏడుస్తూ కూర్చోలేదు, పరుగెత్తాడు" అనేవారు. ఇంకో వారం బీతోవెన్ ఆఖరి సొనాటా. దానికి రెండే భాగాలట, మూడోది ఏదని అచ్చువేసేవాళ్లు అడిగారట. "న్యాయంగానే అడిగారు" అన్నాను. ఆయన నా వంక చూసి, ఇక లాభం లేదన్నట్టు కళ్లు మూసుకున్నారు.

ఒక్కదానికి మాత్రం నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయేది. షూబర్ట్ అని ముప్పై ఒకటో ఏటే పోయిన కుర్రాడు, పోవడానికి రెండు నెలల ముందు రాశాడట. మొదలే మెల్లగా, ఆరాధన ఆరంభం కాకముందు చర్చిలోకి ఒక్కొక్కరూ నడిచొచ్చినట్టు ఉంటుంది ఆ రాగం. ఒక వరస అయ్యీ అవగానే, ఎడమ చేత్తో అట్టడుగున పక్కపక్క పియానో మెట్లు రెండింటిని గబగబా మార్చి మార్చి నొక్కుతారు. గురగురమని దూరంగా ఉరిమినట్టు వినిపిస్తుంది. తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ తర్వాత ఏమీ జరగనట్టు అదే రాగం మళ్లీ అందుకుంటుంది.

"ఆ ఉరుమెందుకండీ, హాయిగా పోయే పాటలో?" అని అడిగాను ఒకసారి.

"పైన మనం ఇల్లు కట్టుకుని, కూర వండుకుని, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉంటాం. అడుగున భూమి కదులుతూనే ఉంటుంది. నేను చేసిన ఉద్యోగమంతా అదే కదా. అతనికి కింద కదిలేది తెలుసు. తెలిసీ పాట ఆపలేదు" అన్నారు.

ఆ సొనాటా మొదటి భాగాన్ని ఆయన ఇంట్లో కరెంటు పియానో మీద ఏళ్ల తరబడి సాధన చేశారు. రోజూ అదే, అదే, అదే. విసుగొచ్చి "ఆ అబ్బాయి ముప్పై ఒకటో ఏటికే రాసేసింది మీరు ఇరవై ఏళ్లయినా పూర్తిచేయరేమిటండీ" అని వంటింట్లోంచి అరిచేదాన్ని. బయట ఎవరి ముందూ వాయించలేదు. ఇంకా కుదరలేదు, ఇంకా కుదరలేదు అనేవారు.

నిరుడు వానల్లో ఆయన ఎడమ చేతిలో కాఫీ గ్లాసు వణకడం మొదలైంది. "నా చేతికే భూకంపం వచ్చిందోయ్" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బలవంతంగా డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. నడిపించి చూశాడు, వేళ్లు ఆడించమన్నాడు, పార్కిన్సన్స్ అన్నాడు. మందులున్నాయి, తగ్గదు, మెల్లగా పెరుగుతుంది అన్నాడు.

అక్కణ్నుంచి ఇంటికి పోదామంటే వినలేదు. క్యాంపస్‌లోకి తీసుకెళ్లమన్నారు. ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా చెట్టు కింద సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాం. ఎవరో పిల్లలు మెట్ల మీద ఫొటోలు దిగుతున్నారు. చాలాసేపు ఆయన తన ఎడమ చేతి వంక చూసుకున్నారు.

"వణుకుతోందని బాధ లేదు సువార్తా. వణకమన్నప్పుడు వణకట్లేదు. ఆ ఉరుము దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కొయ్యలా బిగుసుకుపోతోంది" అన్నారు.

ఆయనే మళ్లీ అన్నారు. "ఒక్కసారి మన చర్చిలో, మనవాళ్ల ముందు, ఆ మొదటి భాగం చివరిదాకా వాయించాలి. చెయ్యి పూర్తిగా పోకముందే."

"వాయిద్దురుగాని. దానికేం?"

"మధ్యలో ఆగిపోతే నువ్వు పియానో మూత వేసెయ్. ఎవరూ జాలి పడకముందే ఇంటికొచ్చేద్దాం. ఇంక ముట్టుకోను. ఇంట్లో కూడా."

"ఏం మాటలండీ అవి!" అని కసిరాను. కానీ ఆయన ఒక మాటన్నారంటే అంతే. సిగరెట్లు మానేస్తానని ఓ ఉదయం అని, ఆ సాయంత్రం నుంచి మళ్లీ ముట్టుకోని మనిషి. పొద్దున లేస్తే పియానో, పడుకోబోయే ముందు పియానో. ఆ మూత ఒకసారి పడిందా, ఇంట్లో మనిషి ఉంటాడు గానీ నా పౌలు ఉండడు. నాకు అదొక్కటే భయం.

"నువ్వే వెయ్యాలి. మాటివ్వు" అన్నారు. ఇచ్చాను. ఏం చెయ్యను?

మా చర్చిలో మూలన ఒక పాత పియానో ఉంది. పదేళ్ల కిందట కుర్రాళ్లు ఎలక్ట్రానిక్ కీబోర్డు తెచ్చాక దాని మీద గుడ్డ కప్పేశారు. ఈ కీబోర్డుతో ఒకటే తంటా. కరెంటు పోతే పాట మధ్యలో గుటుక్కున నోరు మూసుకుంటుంది. అందుకని మా సంఘానికి ఒక అలవాటైంది. కరెంటు పోయినా పాట ఆపరు. వాచ్‌మన్ బాలరాజు వెనక్కి పరుగెత్తి జనరేటర్ వేసేదాకా రాగం వదలరు. చరణం నోటికి రాకపోతే నోరు మూసుకుని ఊఁ ఊఁ అంటూనైనా పట్టుకుని ఉంటారు. కీబోర్డు మళ్లీ ప్రాణం పోసుకున్నాక, వాయించే అబ్బాయి వాళ్లు ఏ చోట ఉంటే ఆ చోట వచ్చి కలుస్తాడు. కొత్తగా వచ్చినవాళ్లు చూసి వింతపడతారు గానీ మాకు అది మామూలే.

పాస్టరు జోయెల్ గారు వయసులో మాకంటే చాలా చిన్న. విషయం చెప్పగానే మెత్తగా, "సార్ అడిగితే కాదంటానా అమ్మా? కానుకలు పట్టేటప్పుడు వాయించమనండి" అన్నారు.

"కానుకల సంచి రెండు వరసలు తిరిగేలోపు అయ్యేది కాదు నాయనా. పావుగంట పడుతుంది."

"పావుగంటా! మాటలు లేకుండా? పోనీ ఆశీర్వాదం అయ్యాక..."

నాకు ఒళ్లు మండింది. "ఆశీర్వాదం అయ్యాక మన సంఘం ఎక్కడుంటుందో మీకు తెలియదా? చెప్పుల దగ్గర! ముందే పెట్టండి. ఆశీర్వాదం తీసుకోకుండా ఎవరూ కదలరు" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, "అమ్మా, మీరు బడి నుంచి రిటైరయ్యారంటే నమ్మలేను" అని ఒప్పుకున్నారు.

సికింద్రాబాదు నుంచి మనిషి వచ్చి పియానో శ్రుతి చేశాడు. ఎండలు ముదిరిన ఒక ఆదివారం ఖాయమైంది. ఆ ముందు రోజు ఆయన ఇంట్లో వాయించి చూసుకున్నారు. ఉరుము మూడు సార్లలో రెండు సార్లే వచ్చింది. లేచి వెళ్లి పడుకున్నారు.

ఆదివారం పొద్దున బాలరాజును పక్కకు పిలిచి, సార్ వాయించేటప్పుడు ఫ్యాన్లు తీసెయ్యమన్నాను. వాటి గోలలో ఆ మెత్తని రాగం వినపడదు.

"గీ ఎండల ఫ్యాన్లు బంద్ జేస్తే జనం ఉడికిపోతరమ్మా!" అన్నాడు.

"ఉడకనీ. నరకం గురించి వారం వారం వింటూనే ఉన్నారుగా" అన్నాను. నవ్వుకుంటూ వెళ్లాడు.

ప్రసంగం అయింది. పాస్టరు గారు "పౌలు సార్ ఒక సంగీతం వినిపిస్తారు" అని మాత్రం చెప్పి కూర్చున్నారు. ఫ్యాన్లు ఆగాయి. కాగితాలు తిప్పడానికి నేను పియానో పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాను. ఆయన తెల్ల చొక్కా వీపు అప్పుడే తడిసింది. ఎడమ చెయ్యి ఒళ్లో వణుకుతోంది. దాన్ని కుడి చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని, ఏదో ప్రార్థన చేసుకుని మొదలుపెట్టారు.

రాగం మెల్లగా నడిచొచ్చింది. వరస అయింది. అడుగున ఉరుము. వచ్చింది! తర్వాత నిశ్శబ్దం.

అంతలో దబదబా చప్పుడు. వెనక్కి తిరిగి చూస్తే, ఓరి నాయనో, సంఘమంతా లేచి నిలబడి ఉంది! ఒక వరస వాయించి ఆపితే, ఇక లేచి పాడండని గుర్తు మాకు. పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. అందరి చేతుల్లో కీర్తనల పుస్తకాలు. గాయక బృందం నడిపే హన్నా, "ఆంటీ, నంబర్ ఎంత?" అని దూరం నుంచి సైగ చేస్తోంది. నేను కూర్చోమని చెయ్యి ఊపాను. పాస్టరు గారు కూర్చున్నారు. ఆయన్ను చూసి ఒక్కొక్కరే కూర్చున్నారు. అందరికంటే ఆఖర్న, వారాసిగూడ నుంచి వచ్చే ప్రమీలమ్మ. ముందు వరసలో కూర్చుని, ఏ కీర్తననైనా తనకు తోచిన శ్రుతిలో గట్టిగా పాడుతుంది. ముప్పై ఏళ్లుగా ఆమె గొంతు మా ఆయన చెవిలో ముల్లు.

ఆయన ఇదేమీ చూడలేదు. వాయిస్తున్నారు. ఇంట్లో ఇన్నేళ్లు విన్నదే, కానీ ఆ పాత పియానో మీద, ఆ ఎత్తైన కప్పు కింద అది వేరుగా ఉంది. రాగం ఎక్కడెక్కడికో పోయింది, చీకట్లో తప్పిపోయింది, గట్టిగా మొత్తుకుంది. నేను కాగితాలు తిప్పుతున్నాను. జనం కరపత్రాలతో విసురుకుంటున్నారు గానీ ఎవరూ మాట్లాడలేదు. తిరిగి తిరిగి రాగం మళ్లీ ఇల్లు చేరే చోటు వచ్చింది. మొదటి వరస, మొదట్లో వాయించినట్టే, అంత మెత్తగా వాయించారు. ఇక ఉరుము రావాలి.

రాలేదు. ఎడమ చెయ్యి మెట్ల మీదే ఉంది. వేళ్లు వంగి, బిగుసుకుని, కదలడం లేదు. ఆయన మెడ నరం ఉబ్బింది. మళ్లీ ప్రయత్నించారు. లేదు. అక్కడ ఎలాగూ నిశ్శబ్దం ఉండాల్సిందే కాబట్టి ముందు ఎవరికీ తెలియలేదు. కానీ అది ఉండాల్సినదానికంటే పొడుగైపోయింది. ఇంకా పొడుగైంది. ఆయన ఎడమ చేతిని కుడి చేత్తో తీసి ఒళ్లో పెట్టుకున్నారు. నా వంక చూశారు.

ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. బతిమాలడం లేదు అందులో. ఇచ్చిన మాట గుర్తుచేయడం, అంతే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దేవా, ఈ పని నా చేత చేయిస్తావా అనుకున్నాను. లేచాను. మూత మీద చెయ్యి వేశాను.

"కరెంటు పోయినట్టుంది" అంది వెనక ప్రమీలమ్మ, పక్కావిడతో, అందరికీ వినపడేలా.

ఫ్యాన్లు ఆగి ఉన్నాయి మరి! ఉక్కపోస్తోంది, పాట మధ్యలో ఆగింది, ఇంకేమనుకుంటారు? ఈ పియానోకు కరెంటు అక్కర్లేదన్న సంగతి ఆ క్షణాన ఒక్కరికీ తట్టలేదు. ప్రమీలమ్మ లేచి నిలబడింది. నిలబడి, నోరు మూసుకుని, ఆ రాగం అందుకుంది. ఊఁ... అని. ఎప్పటిలాగే తన శ్రుతిలో. ఎన్నిసార్లు తిరిగొచ్చిందో ఆ వరస, పట్టేసింది ఆమెకు.

వెనక బెంచీలు కిర్రుమన్నాయి. ఒకరి తర్వాత ఒకరు లేచారు. హన్నా సరైన శ్రుతి పట్టి ఇచ్చింది, గాయక బృందం దాన్ని అందుకుంది, మగవాళ్లు కింది స్థాయిలో కలిశారు. ఒక్క మాట లేదు. సంఘమంతా నిలబడి, ఎన్నడూ పాడని పాటను, ఆగిపోయిన చోటి నుంచి మెల్లగా మోసుకుపోతోంది. నా చెయ్యి మూత మీదే ఉంది. దాన్ని కిందికి లాగే బలం నాకు లేదు. ఉన్నా లాగను.

ఆ ఊఁ ఊఁ వినగానే, ఫ్యాన్లు తీసేసింది తానేనన్న సంగతే మరిచి, పక్క తలుపులోంచి బాలరాజు పరుగెత్తడం కనిపించింది. "ఆగున్రి, ఏస్తున్న, ఏస్తున్న" అనుకుంటూ పోయాడు. కాసేపటికి గోడవతల ఆ ముసలి జనరేటర్ దగ్గి, కదిలి, అందుకుంది. గురగురమని, మందంగా, అడుగు నుంచి.

అందరి గొంతుల కింద అది ఉరుములా ఉంది.

ఆయన భుజాలు అదిరాయి. ఏడుస్తున్నారనుకుని వంగి చూశాను. ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు కూడా. "సువార్తా, విన్నావా" అన్నారు. "విన్నానండీ" అన్నాను. మూత మీద నుంచి చెయ్యి తీసేశాను. ఆయన కుడి చెయ్యి ఎత్తి, కీబోర్డు అబ్బాయి కలిసినట్టే, వాళ్లు ఏ చోట ఉన్నారో ఆ చోట వెళ్లి కలిశారు. పియానో రాగానే గొంతులు మెల్లగా తగ్గి ఆగాయి. కరెంటు వచ్చిందనుకున్నారు, తమ పని అయిపోయిందనుకున్నారు. కాసేపటికి ఎడమ చెయ్యి కూడా దానంతట అదే సడలి, ఒళ్లోంచి లేచి, మెట్ల మీదికి వచ్చింది.

చివర్లో ఇంకోసారి ఆ ఉరుము రావాలి. నాకు తెలుసు. ఆయన అక్కడికి వచ్చి, రెండు చేతులూ పైకెత్తి, ఊరికే ఆగారు. గోడవతల జనరేటర్ గురగుర అంటూనే ఉంది. అది కాసేపు విని, చేతులు దించి, మిగిలిన నాలుగు చుక్కలూ మెత్తగా వాయించి ముగించారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మా చర్చిలో కొట్టరు. వెనకెక్కడో ఒక ముసలాయన "ఆమెన్" అన్నాడు. తర్వాత అందరూ అన్నారు. పాస్టరు గారు ఆశీర్వాదం ఇవ్వడానికి చేతులెత్తి, దించి కళ్లు తుడుచుకుని మళ్లీ ఎత్తారు.

బాలరాజు చెమటలు కక్కుతూ పక్క తలుపు దగ్గరికి వచ్చాడు. పైన తిరగని ఫ్యాన్ల వంక చూశాడు, మా వంక చూశాడు. "సార్, కరెంటు పోలేదంటున్నరు. జనరేటర్ బంద్ జెయ్యాల్నా?" అని అడిగాడు.

"కాసేపు ఉండనీ బాలరాజూ" అన్నారు ఆయన.

ఆ రోజు చెప్పుల దగ్గరికి ఎవరూ పరుగెత్తలేదు. అందరికంటే ముందు ప్రమీలమ్మ వచ్చింది, కర్ర ఊతంతో. ఆయన లేవబోతే భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టింది. "పాట బాగుందయ్యా పౌలూ. రాగం వచ్చేసింది నాకు. మాటలెప్పుడు చెప్తావు?" అంది.

ఆయన నా వంక తిరిగారు. పెళ్లయిన కొత్తలో ఆ ప్రొఫెసర్ గారి ఇంట్లో నా వంక చూసిన చూపే. నేను నోరు మూసుకున్నాను, నా పరువు నాకుంది కదా. అప్పుడాయన ఆమె చెయ్యి పట్టుకుని, తన ఎడమ చేత్తోనే పట్టుకుని, అది వణుకుతుంటే దాచకుండా, "దీనికి ఇంకా మూడు భాగాలున్నాయి ప్రమీలమ్మా. వచ్చే ఆదివారం రెండోది వాయిస్తాను. నువ్వు ముందు వరసలోనే కూర్చో" అన్నారు.

జనం వెళ్లిపోయాక బాలరాజు పియానో మీద కప్పే పాత గుడ్డ తెచ్చాడు. వద్దన్నాను. మూత కూడా వెయ్యలేదు. అలాగే తెరిచి ఉంచి ఇంటికొచ్చాం.